నలభై ఒక్క పసుపు టోపీలు

జూకి వచ్చిన మనిషి ఏనుగుకు వీపు పెట్టి నిలబడ్డాడు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. డిసెంబరు నెల, శుక్రవారం, పగలు పదకొండూ నలభై. టైము ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. చేతిలో ఉన్న ట్రిప్ షీటులో ‘ఏనుగులు, 11.40’ అని అప్పుడే రాశాను. రాసి తల ఎత్తేసరికి అతను కనిపించాడు. ఏనుగు తొండంతో దుమ్ము ఎత్తి వీపు మీద పోసుకుంటోంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఫోన్లు పైకెత్తి అటే చూస్తున్నారు. అతనొక్కడే ఇటు తిరిగి ఉన్నాడు. చూస్తున్నది మా పిల్లలను.

ఉద్యోగ జ్ఞాపకాలు అరవై దాటినవాళ్ళు రాసుకుంటారు. నాకు ముప్పై ఒకటి. బోధన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఐదేళ్ళు ఒకటో తరగతి క్లాస్ టీచర్‌గా చేసి, రెండో కాన్పు తర్వాత మానేశాను. నిజామాబాద్‌లో డిగ్రీ, బీఎడ్ చదివాను, పెళ్ళయ్యాక బోధన్ వచ్చాను. నా సర్వీసు అంతే. దాంట్లో రాయదగ్గ రోజు ఒక్కటే ఉంది. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా పెద్దది మైత్రి ఇవాళ స్కూలు నుంచి ఒక కన్సెంట్ ఫారం తెచ్చింది. వాళ్ళ క్లాసు వాళ్ళు జూకి పోతున్నారట. పిల్లలిద్దరూ పడుకున్నారు. ఫారం నా ముందే ఉంది, సంతకం ఇంకా పెట్టలేదు.

చిన్న పిల్లలను ఊరు దాటించడం ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. ఆ ట్రిప్ ఒకటో తరగతికీ రెండో తరగతికీ కలిపి వేశారు. లిస్టులో నలభై ఒక్క పేర్లు. వెంట ఇద్దరు టీచర్లం, ఒక ఆయమ్మ. రెండో తరగతి టీచర్ సరిత నాకంటే వయసులో చిన్నది, సర్వీసులో పెద్దది, కాబట్టి ట్రిప్ ఇన్‌చార్జ్ ఆమే. ఆయమ్మ పేరు పోసవ్వ. తెల్లవారుజామున ఐదింటికి బస్సు బోధన్‌లో కదిలితే హైదరాబాద్ జూ పార్కు చేరేసరికి పది దాటింది.

పిల్లలందరికీ స్కూలు పసుపు టోపీలు ఇచ్చింది. గుంపులో పసుపు తొందరగా కనిపిస్తుంది. మెడలో ఐడీ కార్డులు ఉంటాయి గానీ, పేరున్న వైపు లోపలికి తిప్పి వేయించాను. పేరు చదివి పిలిచినవాడి వెంట ఆరేళ్ళ పిల్ల ఇట్టే పోతుంది. నడిచేటప్పుడు జోడీ లైను, అంటే ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని నడవాలి. నలభై ఒకటి బేసి సంఖ్య కాబట్టి చివర ఒకరు ఒంటరిగా మిగులుతారు. ఆ మిగిలిన పిల్ల మా క్లాసు కీర్తన. ఆమె చెయ్యి పోసవ్వ పట్టుకోవాలి. ఆగిన ప్రతిచోటా టోపీ మీద చెయ్యి వేసి లెక్కపెట్టి, ఆ లెక్కను, టైమును ట్రిప్ షీటులో రాయాలి. దాన్ని హెడ్ కౌంట్ అంటాం.

వీటన్నిటికీ తోడు, ఏ కాగితం మీదా లేని ఒక అలవాటు ఉంది. టీచర్లు తమ పిల్లలను వెంట తెచ్చుకోవచ్చు. స్టాఫ్ పిల్లలకు ఫీజు లేదు, సీటు లేదు, లిస్టులో పేరు లేదు. తల్లి ఒళ్ళో కూర్చుని వస్తారు. నాలుగేళ్ళ మైత్రి అలాగే వచ్చింది. నాకూ కావాలని ఏడిస్తే, మిగిలిన టోపీల్లోంచి ఒకటి తీసి దాని నెత్తిన పెట్టాను. లెక్కపెట్టేటప్పుడు మాత్రం దాన్ని లైను బయట, నా పక్కనే నిలబెట్టుకునేదాన్ని. పొద్దున్నుంచి అన్ని లెక్కలూ నలభై ఒకటే వచ్చాయి.

ఇక ఆ మనిషి సంగతి. ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో. గళ్ళ చొక్కా, మెడలో తువ్వాల, చేతిలో నల్ల ప్లాస్టిక్ కవరు. టికెట్ల దగ్గర అతన్ని చూసినట్టు అప్పుడు గుర్తొచ్చింది. పులి దగ్గర కూడా చూశాను. పెళ్ళాం పిల్లలు వెంట లేరు. ఒంటరిగా జూకి వచ్చిన మగవాడు ఫోటో తీసుకోకుండా, జంతువును చూడకుండా, మూడు చోట్లా మా వెనకే ఎందుకున్నాడు?

సరితకు చెప్తే నవ్వింది. "ఎవలో పాపం అక్కా, పనిలేక తిరుగుతున్నట్టుండు. నీకు ప్రతొక్కని మీద అనుమానమే. బావ ఫోన్ గూడ రోజూ చెక్ చేస్తవంట గద!"

పోసవ్వ ఇంకొకటి అందించింది. "పైసలు వెట్టి వచ్చినం బిడ్డా. పులులను, ఏనుగులను సూడు. మనుషులను బోధన్ల గూడ సూడొచ్చు."

నేను ఫోన్‌లో ఏనుగును తీస్తున్నట్టు నటించి అతని ఫోటో తీశాను. పేరెంట్స్ గ్రూపులో పెట్టి ‘ఈయన ఎవరికైనా తెలుసా’ అని అడుగుదామని టైపు కూడా చేశాను. పంపలేదు. గ్రూపులో టీచర్లు సొంతంగా ఏమీ పెట్టకూడదని కరస్పాండెంట్ సార్ ఆర్డరు. ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపాల్ పైన ఉండేది ఆయనే, యజమాని. నవ్వుతున్న పిల్లల ఫోటోలైతే పంపొచ్చు, అవి కూడా ఆఫీసు ద్వారానే. టైపు చేసింది చెరిపేశాను.

కానీ అతన్ని వదలదలచుకోలేదు. పోసవ్వను లైను ముందుకు పంపి, వెనక నేను నిలబడ్డాను. రెండు చేతులూ ఖాళీగా ఉండాలనిపించింది. మైత్రిని తీసుకెళ్ళి చివర్న ఉన్న కీర్తన పక్కన జోడీగా పెట్టి, "అక్క చెయ్యి వదలకు" అన్నాను. అప్పుడది మంచి ఏర్పాటే అనిపించింది. బేసి సరి అయింది, ఎవరూ ఒంటరిగా లేరు.

పన్నెండుకు పెద్ద తాబేళ్ళ దగ్గరికి చేరాం. అక్కడ రెండు తాబేళ్ళు బండల్లా పడి ఉన్నాయి, తలలు డిప్పల్లోపల ఉన్నాయి. పిల్లలు గోల పెట్టారు. "మాట్లాడకుండా, కదలకుండా కూర్చుంటే అదే తల బయటికి తీస్తుంది" అని చెప్పాను. పొట్టి గోడ వెంబడి అందరూ చతికిలబడ్డారు. ఒక నిమిషం నిజంగానే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తల తిప్పితే, జ్యూస్ బండి పక్కన మళ్ళీ అతను కనిపించాడు. ఈసారి ఇంకా దగ్గర. నేను చూడడం చూసి బండి వెనక్కి తప్పుకున్నాడు.

తప్పు చేయనివాడు ఎందుకు తప్పుకుంటాడు? "లేవండి, లేవండి, అన్నానికి టైమైంది" అని, అక్కడ లెక్క కూడా పెట్టకుండా పిల్లలను లేపేశాను. పోసవ్వ ముందు నడిచింది, లైను కదిలింది. లైను చివర నేనే ఉన్నాను. కానీ నా ముఖం లైను వైపు లేదు. జ్యూస్ బండిని చూస్తూ, పిల్లలకు వీపు పెట్టి, వెనక్కి అడుగులు వేస్తూ నడిచాను.

చెట్ల కింద భోజనాలకు ఆగాం. సరిత టోపీ టోపీకి చెయ్యి వేసి లెక్కపెట్టి, "నలభై ఒకటి" అని కేక వేసింది. పొద్దున్నుంచి విన్న సంఖ్యే. ‘భోజనం, 12.25, 41’ అని రాశాను. పులిహోర పొట్లాల సంచి విప్పుతుండగా అతను వచ్చాడు. దాక్కోవడం లేదు, తిన్నగా మా వైపే నడిచి వస్తున్నాడు. నేను లేచి పిల్లలకు అడ్డంగా నిలబడ్డాను.

"మేడం, మా బిడ్డ లేదు" అన్నాడు.

"ఎవరు మీ బిడ్డ?"

"కీర్తన. గా తాబేలు కాడ ఉండె. ఇప్పుడు లైన్ల లేదు."

 అడ్మిషన్ రిజిస్టరులో కీర్తన పేరు ఎదురుగా ఎర్ర ఇంకుతో ఒక వాక్యం ఉంటుంది: ‘తండ్రికి అప్పగించరాదు.’ వాళ్ళమ్మ రజిత రాతపూర్వకంగా ఇచ్చిన మాట అది. భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు. ఒకసారి తండ్రి ఎవరికీ చెప్పకుండా పిల్లను హైదరాబాద్ తీసుకుపోతే, నాలుగు రోజులకు గానీ వెనక్కి రాలేదు. ఆ వాక్యం నేను చాలాసార్లు చూశాను. ఆ మనిషి ముఖం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

నాకు తట్టింది ఒక్కటే. ఇతనే పిల్లను ఎక్కడో దాచి, మమ్మల్ని ఇక్కడ మాటల్లో పెట్టడానికి వచ్చాడు. "అందరూ ఉన్నారు. ఇప్పుడే లెక్కపెట్టాం. నలభై ఒకటి" అన్నాను.

"లెక్క నాకెందుకమ్మా? నా బిడ్డ కానొస్తలేదు."

"లెక్క సరిపోయిందయ్యా!"

"సరిపోతది" అన్నాడు. గొంతు పెంచలేదు. "అప్పట్ల నేను చెరుకు ఫ్యాక్టరీల కాంటా కాడ చేసిన మేడం. టోకెన్ ఒకనిది ఉంటది, బండి ఇంకొకనిది వస్తది. సాయంత్రం సూస్తే లెక్క సరిగ్గనే ఉంటది. పేర్లు పిలిసి సూడుండ్రి."

లిస్టు తీసి పేర్లు పిలిచాను. ఒక్కొక్కరూ "ప్రెజెంట్ టీచర్" అంటున్నారు. కీర్తన పేరు దగ్గర ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాను. లైను చివర, ఆమె ఉండాల్సిన చోట, పసుపు టోపీ పెట్టుకుని నా కూతురు కూర్చుని ఉంది. నన్ను చూసి చేతులు ఊపింది.

అప్పుడు అర్థమైంది. మైత్రిని లైనులో కలిపిన నిమిషం నుంచి లెక్క నలభై రెండు రావాలి. నలభై ఒకటి వచ్చిందంటే ఒకరు లేరు. చెవికి అలవాటైన సంఖ్య వినిపించగానే నా చెయ్యి రాసేసింది.

 నేను పోసవ్వను పిలిచి గేటుకు పరుగెత్తమన్నాను. పసుపు టోపీ ఉన్నా లేకపోయినా, మా స్కూలు యూనిఫాం పిల్లతో ఏ పెద్దమనిషి బయటికి పోతున్నా ఆపించాలని చెప్పాను. అతను పక్కనే నిలబడి విన్నాడు.

"నన్నే ఆపమంటున్నరు గద?"

"అవును" అన్నాను.

"మంచిదే. చెప్పుండ్రి" అన్నాడు. ఆ జవాబు నన్ను ఇంకా భయపెట్టింది.

క్లాస్ టీచర్ లైను వదిలి పోకూడదన్నది రూలు. కానీ ఇతన్ని ఒంటరిగా వెతకనిస్తే, ముందు ఇతనికే దొరికితే? మైత్రితో సహా అందరినీ సరితకు అప్పజెప్పి అతని వెంట పరుగెత్తాను. ఇద్దరం పక్కపక్కనే పరుగెత్తుతున్నాం. అతను ముందు పోకుండా నేను, నేను వెనకబడకుండా అతను చూసుకుంటున్నాం. నా క్లాసు పిల్ల చివరిసారి ఎక్కడ కనిపించిందని ఆ మనిషినే అడగాల్సి వచ్చింది.

"తాబేలు కాడనే. మీరు నన్నే గుర్రుగ సూస్తుండ్రని బండెన్కకు వోయిన. మల్ల సూసేటాల్లకు మీరు కదిలిండ్రు. నేను టోపీల ఎంబడి వచ్చిన."

"ముందే వచ్చి తండ్రినని చెప్పొచ్చు కదా?"

"చెప్తే ఉండనిస్తుంటిరా?"

ఉండనిచ్చేదాన్ని కాదు. అడుగు వేగం పెంచాను. దారిలో నీళ్ళ కందకం, దాని రెయిలింగు కనిపించాయి. వాటి వైపు చూడలేకపోయాను.

తాబేళ్ళ దగ్గర ఇంకేదో ఊరి జనం గుంపుగా ఉన్నారు. గోడ మలుపు తిరిగే చోట ఒక స్తంభం ఉంది. దాని అవతల కీర్తన కూర్చుని ఉంది. టోపీ ఒళ్ళో పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద వేసుకుని, నేను కూర్చోమన్నట్టే కదలకుండా, మాట్లాడకుండా ఉంది.

అతను పదడుగుల దూరంలో ఆగిపోయాడు. "మీరే పోండ్రి మేడం. నేను ముట్టుకుంటే మల్ల నేనే తీస్కవోయిన అంటరు."

నేను పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నన్ను చూసి గుసగుసగా, "టీచర్, ఇంకా తల తీస్తలేదు" అంది. తను తప్పిపోయానని ఆ పిల్లకు తెలియదు. తల తిప్పి అతన్ని చూసి ఒక్క కేక వేసింది. "బాపూ!"

రూలు ప్రకారం నేను ఆ పిల్లను తీసుకుని వెంటనే వెనక్కి పోవాలి. పోలేదు. ఫోన్‌లో టైము చూసి, ఐదు నిమిషాలు అని చెప్పాను. ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం, మధ్యలో పిల్ల. ఆమె కుడి చెయ్యి అతని చేతిలో ఉంది. ఎడమ చెయ్యి నా చేతిలో ఉంది. ఆ ఐదు నిమిషాలూ నేను వదలలేదు. ట్రిప్పు ఉందని కీర్తనే వాళ్ళ అమ్మమ్మ ఫోన్‌లో అతనికి చెప్పిందట. ఫ్యాక్టరీ బందయ్యాక హైదరాబాద్ వచ్చి ఏదో గోదాములో పని చేస్తున్నాడట.

"గది తాబేలు గాదు బిడ్డా, బండ. మీ టీచర్ మిమ్ములను బనాయించింది" అన్నాడు.

"కాదు బాపూ, అది ఊపిరి తీస్కుంటది. నేను సూసిన."

"నీ అంత మొండిదన్నట్టు."

కీర్తన నవ్వింది. అతను కవరు విప్పాడు. లోపల ఆరేళ్ళ పిల్లకు సరిపోయే గులాబి రంగు గౌను ఉంది, కొత్తది. "ఒక్కపారి తొడిగి సూస్త మేడం" అన్నాడు. గౌను మెడ దగ్గర షాపు చీటీ లేదు. దాన్ని తెంపిన దారం ముక్క మిగిలి ఉంది.

నా చెయ్యి ఇంకా బిగుసుకుంది. బహుమతిగా ఇచ్చేవాడు చీటీ ఎందుకు తెంపుతాడు? యూనిఫాం విప్పి, టోపీ తీసి, ఈ గౌను తొడిగితే ఆమె మా స్కూలు పిల్ల అని గేటు దగ్గర ఎవరికి తెలుస్తుంది? "ఇక్కడ వద్దు, వాళ్ళమ్మకు ఇస్తాను" అని కవరు తీసుకున్నాను. అతను నా ముఖం వంక చూశాడు. ఏమనుకున్నానో తెలిసినట్టే ఉంది. లేచి, పిల్ల నెత్తిన టోపీ సరిగ్గా పెట్టి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర పోసవ్వ అతని రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయో లేదో చూసి మరీ పోనిచ్చిందట.

తిరిగి వచ్చాక సరిత ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది, తర్వాత కరస్పాండెంట్ సార్‌కు ఫోన్ చేసింది. సార్ నాతో మాట్లాడతానన్నారు. "పిల్ల దొరికింది గద మేడం. దెబ్బ లేదు, ఏం లేదు. ఇంట్ల చెప్తే రేపు పదిమంది వచ్చి టీసీ అడుగుతరు. షీట్ల ఏమున్నది?"

"నలభై ఒకటి ఉంది సార్."

"అయితే సరిగ్గనే ఉన్నది. ముట్టుకోకుండ్రి."

ఆయన అన్నది ఒక విధంగా నిజం. ఆ షీటులో దిద్దాల్సిన అంకె ఒక్కటి కూడా లేదు. దానికే నాకు అన్నం దిగలేదు. సాయంత్రం బస్సులో ఆ 41 మీద ఒక గీత కొట్టి, పక్కన ‘40, లిస్టులో లేని పిల్ల 1’ అని రాసి సంతకం పెట్టాను.

కామారెడ్డి దాటాక మైత్రి ఒళ్ళో పడుకుని అడిగింది. "అమ్మా, కీర్తనక్కకు తాబేలు తల కనవడ్డదా?"

"అక్క అక్కడే ఉండిపోయిందని నీకు తెలుసా?"

"ఎరుకే. లెవ్వు అక్కా అన్న. అది లెవ్వలే. మాట్లాడొద్దన్నది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వెన్కకు సూస్తుంటివి గద. నన్నెవ్వలు అడగలే."

పేర్లు పిలిచినప్పుడు కూడా ఎవరూ అడగలేదు, దాని పేరు లిస్టులో లేదు కాబట్టి. జరిగింది మొత్తం చూసిన ఒకే ఒక్క మనిషి అదే.

రాత్రి తొమ్మిదికి స్కూలు ముందు బస్సు ఆగింది. తల్లిదండ్రులు గేటు దగ్గర గుమిగూడి ఉన్నారు. అప్పగింత రిజిస్టరులో సంతకం తీసుకుని ఒక్కొక్క పిల్లనూ దింపుతాం. రజిత వచ్చింది. బీడీలు చుట్టి వచ్చిన చేతులు. ఆమె సంతకం పెట్టి పోతే ఎవరికీ ఏమీ తెలియదు. పోసవ్వ దూరం నుంచి నాకు వద్దని సైగ చేసింది. నేను రజితను పక్కకు పిలిచి మొత్తం చెప్పాను, నా తప్పు ముందు, అతని సంగతి తర్వాత. అతని ఫోటో చూపించాను.

ఆమె అడిగిన మొదటి మాట, "చెయ్యి పట్టుకున్నడా?"

"ఒక చెయ్యి పట్టుకున్నాడు. రెండోది నేను పట్టుకున్నాను."

గౌను తీసి, దీపం కిందికి తెచ్చి మెడ దగ్గర తిప్పి చూసింది. ఆమె వేలు కూడా ఆ దారం ముక్క మీదే ఆగింది. "ఆయన ఎప్పుడు గిట్లనే తెస్తడు. ధర సూస్తే నేను కొట్లాడుతనని చీటీ తెంపుతడు" అంది. గౌను మడత పెడుతూ, "తొడిగి తీస్కపోదామని గూడ తెచ్చి ఉంటడు. అట్లన్న కావొచ్చు, ఇట్లన్న కావొచ్చు మేడం" అంది.

నేను క్షమించమని అడిగాను. ఆమె అరవలేదు. "ఆయన మీద అనుమానం నాకుండాలె. మీకు పిల్లల మీద నజర్ ఉండాలె. మీరు నా పని చేసిండ్రు, మీ పని ఇడిసిపెట్టిండ్రు" అని, పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది. కీర్తనను స్కూలు మాన్పించలేదు. సార్ నన్ను తిట్టి, ట్రిప్ డ్యూటీల నుంచి తీసేశారు. నేను మానేసేదాకా మళ్ళీ వేయలేదు.

అతను ఆ గౌను ఎందుకు తెచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. అతన్ని అనుమానించడం తప్పని కూడా నేను అనుకోను. రిజిస్టరులో ఎర్ర ఇంకు ఊరికే ఉండదు. నేను నేర్చుకున్నది వేరు. కాపలా కాసేవాళ్ళు దొంగ వైపు తిరిగితే, కాయాల్సింది వీపు వెనక పడుతుంది. రెండోది, గుంపును చూసే మనిషికి సంఖ్య సరిపోతే చాలు. ఒక్క పిల్లనే చూసే మనిషికి సంఖ్య అక్కర్లేదు. ఆ రోజు నలభై ఒక్క మందిని నలుగురు పెద్దవాళ్ళం చూశాం. కీర్తన లేదని పట్టుకున్నది నలుగురిలో ముగ్గురం కాదు, నేను అనుమానించిన నాలుగోవాడు. మైత్రి ఫారం మీద రేపు సంతకం పెడతాను. దాని వెనక ఒక ప్రశ్న కూడా రాస్తాను: మీ వెంట వచ్చే స్టాఫ్ పిల్లలు ఎంతమంది, వాళ్ళ పేర్లు లిస్టులో ఉన్నాయా?

ఆ ట్రిప్పు మర్నాడు శనివారం. స్కూలు పదింటికి పెట్టారు. మైత్రిని కూడా క్లాసులోకి తీసుకెళ్ళి ముందు బెంచీలో కూర్చోబెట్టాను. పిల్లలకు చెప్పింది ఇది: "ఇక నుంచి లైనులో నేను లెక్కపెట్టను, పేర్లు పిలుస్తాను. మీ జోడీ చెయ్యి మీ చేతిలో లేకపోతే, టీచర్ అందరూ ఉన్నారని చెప్పినా నమ్మొద్దు. లేదు అని గట్టిగా అరవండి. నేను కోపం చేసినా అరవండి." అందరూ ఒకసారి అరిచి చూపించారు. మైత్రి ఇంకా గట్టిగా అరిచింది. దానికి ఇంకొక మాట విడిగా చెప్పాను. "నిన్నెవరైనా లైనులో నిలబడమంటే, ఇది ఎవరి జాగా అని అడుగు. అమ్మ చెప్పినా సరే, అడగకుండా నిలబడకు."